కూతురి మీద కుళ్ళు

ఏడేళ్ళ పిల్ల మీద, అదీ నా కడుపున పుట్టిన పిల్ల మీద నాకు కుళ్ళు పుట్టిందంటే ఎవరూ నమ్మరు. నమ్మినవాళ్ళు మొహం మీద ఏమీ అనరు గానీ మనసులో ఛీ అనుకుంటారు. అనుకోనీ. ఆ కుళ్ళు ఎక్కడ మొదలైందో, నా చేత ఏ పని చేయించిందో ఉన్నదున్నట్టు చెప్పదలుచుకున్నాను.

మా నాన్న రొయ్యలు సాగు చేస్తాడు. ఇందుకూరుపేట దాటాక, సముద్రం హోరు వినపడీ వినపడనట్టుండే చోట ఆయనకు మూడు గుంటలున్నాయి. మా వైపు రొయ్యల చెరువుని గుంట అనే అంటాం. నేను నెల్లూరులో ఒక ఆస్పత్రి రిసెప్షన్లో పనిచేస్తాను. మా ఆయనకి ఆదివారాలు కూడా డ్యూటీ ఉంటుంది. అందుకని సెలవొస్తే పిల్లని స్కూటీ మీద ఎక్కించుకుని నాన్న దగ్గరికి వెళ్ళిపోవడం నాకు అలవాటు. అమ్మ ఇంటి దగ్గర వండి క్యారియర్ తెస్తుంది. గుంట కట్ట మీద రేకుల షెడ్డులో అందరం కూర్చుని తింటాం.

నా కూతురు రెండో తరగతి. క్లాసులో నోరు తెరవదు. పేరెంట్స్ మీటింగ్‌కి వెళ్ళిన ప్రతిసారీ టీచర్ ఒకటే మాట. "అన్నీ తెలుసండీ మీ పాపకి. కానీ చెప్పదు. చెయ్యెత్తమంటే తల దించుకుంటుంది." ఇంటికొచ్చి ఎందుకే అని అడిగితే "తప్పయితే?" అంటుంది. అంతే, ఇంకో మాట ఉండదు.

నేను చేయని ప్రయత్నం లేదు. పిల్లల్లో నమ్మకం ఎలా పెంచాలో యూట్యూబ్‌లో ఒకావిడ చెప్తుంటే నోట్సు రాసుకుని మరీ చూశాను. ఫ్రిజ్ మీద చార్టు అంటించి, చిన్న పని చేసినా స్టిక్కర్ అతికించాను. పొద్దున జడలు వేసేటప్పుడు అద్దం ముందు నిలబెట్టి "నేను చేయగలను" అని రోజూ మూడుసార్లు చెప్పించాను. పిల్ల చెప్పేది. అద్దంలో నన్నే చూస్తూ, నాకేదో సాయం చేస్తున్నట్టు చెప్పేది. వారం తిరిగేసరికి చార్టు ఒక పక్కన ఊడి వేలాడింది, పిల్ల మాత్రం ఎక్కడున్నది అక్కడే ఉంది.

ఇప్పుడు ఆలోచిస్తే నాకొకటి అర్థమవుతోంది. నువ్వు చేయగలవు అనే మాట నాకు ఎవరూ చెప్పలేదు. ఎప్పుడూ వినని మాటని ఏ గొంతుతో పలకాలో నాకు తెలియదు. వీడియోలో ఆవిడ పలికినట్టు పలికేదాన్ని. పిల్లలకి ఇలాంటివి ఇట్టే తెలిసిపోతాయి.

మా నాన్న ఏ వీడియో చూడలేదు. ఒక ఆదివారం నా కూతుర్ని చెక్ ట్రే దగ్గరికి తీసుకెళ్ళాడు, అంతే.

చెక్ ట్రే అంటే వల బిగించిన వెడల్పాటి పళ్ళెం. గుంటలో మేత చల్లేటప్పుడు దీంట్లోనూ గుప్పెడు మేత వేసి, తాడుతో నీళ్ళ అడుగుకి దించుతారు. రెండు గంటలాగి పైకి లాగి చూస్తారు. మేత మిగిలితే రొయ్యలు సరిగా తినడం లేదని తగ్గిస్తారు. ఖాళీ అయితే పెంచుతారు. నీళ్ళ కింద ఏం జరుగుతోందో రైతుకి చెప్పేది ఆ పళ్ళెమే. లాగడంలోనే ఉంది పనితనం. గబుక్కున లాగితే పళ్ళెం ఒరిగి, ఉన్న మేత కాస్తా నీళ్ళలో జారిపోతుంది. పైకొచ్చిన ఖాళీ పళ్ళెం చూసి రొయ్యలు తిన్నాయనుకుంటే కొంప మునిగినట్టే.

నా కూతురు మొదటిసారి అలాగే లాగింది. మేత మొత్తం జారిపోయింది. అది బిక్కమొహం వేసుకుని తాత వైపు చూసింది. నేను కట్ట మీద నిలబడి చూస్తున్నాను. ఇప్పుడు అంటాడు, ఆ మాట ఇప్పుడు అంటాడు అని.

నాన్న నవ్వాడు. "పోతే పోనీ అమ్మణ్ణీ. నాలుగు ట్రేలుండాయి, ఇంకా మూడు మిగిలినాయి గదా. నిదరపోయే బిడ్డని ఎత్తుకుంటామే, అట్ట ఎత్తాల. నీకు చాతగాకపోతే ఇంకెవరికి చాతనవుద్ది?"

నా చెవులు నేనే నమ్మలేదు.

అసలు సంగతి ఇప్పుడు చెప్పాలి. నాకు తొమ్మిదేళ్ళప్పుడు ఇదే కట్ట మీద, ఇదే పని నాకు అప్పజెప్పాడు నాన్న. అప్పట్లో సాగు చేసేది టైగర్ రొయ్య. వరి పండే పొలాన్ని తవ్వి గుంట చేసిన మొదటి ఏడాది. ఆయన డీజిల్ కోసం, మందుల కోసం తిరుగుతూ ట్రేలు చూసే పని నాకిచ్చాడు. నేను పొంగిపోయాను. ఎంత తొందరగా లాగితే అంత మొనగత్తెననుకుని నాలుగు రోజులు నాలుగు ట్రేలూ గబగబా లాగాను. ఖాళీ పళ్ళేలు చూసి, "నాన్నా, మొత్తం తినేసినాయి!" అని ఎగురుకుంటూ వెళ్ళి చెప్పాను. ఆయన మేత పెంచాడు. మళ్ళీ తినేశాయన్నాను. మళ్ళీ పెంచాడు. తినని మేతంతా అడుగున కుళ్ళి, నీళ్ళు వాసనకొచ్చి, రొయ్యలు గాలి కోసం ఒడ్డుకి చేరాయి. ఐదో రోజు నా వెనక నిలబడి నేను లాగడం చూశాడు. కొట్టలేదు, తిట్టలేదు. నా చేతిలో తాడు తీసుకుని "నీవల్ల కాదులే, ఇంటికి పో" అన్నాడు. ఎదగని రొయ్యల్ని ఆ వారంలోనే పట్టి, అయినకాడికి అమ్మేశారు.

ఆ మాట అక్కడితో ఆగలేదు. సైకిల్ నేర్చుకుంటానంటే నీవల్ల కాదులే. ఇంటర్లో లెక్కల గ్రూపు తీసుకుంటానంటే నీవల్ల కాదులే. పెళ్ళయ్యాక స్కూటీ కొనుక్కుంటున్నానని ఫోన్ చేస్తే కూడా అదే. కోపంగా కూడా అనేవాడు కాదు, వాన పడేట్టుంది అన్నంత మామూలుగా అనేవాడు. నేనూ అలాగే నమ్మాను. ఇవాళ్టికీ ఆస్పత్రిలో బిల్లు ప్రింటు తీసే ముందు మూడుసార్లు చూసుకుంటాను. తాళం వేసి మెట్లు దిగాక మళ్ళీ ఎక్కి లాగి చూస్తాను.

అలాంటి మనిషి నా కూతురితో నీకు చాతగాకపోతే ఇంకెవరికి అంటున్నాడు!

తర్వాతి ఆదివారానికి నా కూతురు పళ్ళెం ఒరక్కుండా లాగింది. రొయ్య వీపు మీద గీత నిండుగా ఉంటే కడుపు నిండినట్టని, సన్నగా తెగి కనిపిస్తే ఆకలిగా ఉన్నట్టని నేర్చుకుంది. నాన్న కట్ట మీద గొంతుక్కూర్చుని, పెద్దమనిషిని అడిగినట్టు దాన్ని అడిగేవాడు. "ఏమంటావు అమ్మణ్ణీ, మేత పెంచేదా, తగ్గించేదా?" అది కాసేపు ఆలోచించి "రవ్వంత తగ్గించు తాతా" అంటే నిజంగానే తగ్గించేవాడు. పక్క గుంట రైతుకి ఫోన్లో "మా మనవరాలు చూసింది, ఆమె చూస్తే తిరుగులేదు" అని చెప్పేవాడు. ఒక ఆదివారం ఆయన దాన్ని ఎన్నిసార్లు శభాష్ అన్నాడో లెక్కపెట్టాను. పదకొండుసార్లు. నా ముప్పై ఆరేళ్ళలో నాకొక్కటి వచ్చి ఉంటే ఇలా లెక్కపెట్టుకుని కూర్చునేదాన్ని కాదు.

నెలన్నర తిరక్కుండా టీచర్ ఫోన్ చేసింది. "ఏం చేశారండీ? పాప చెయ్యెత్తుతోంది! ఇవాళ తప్పు చెప్పి కూడా, మళ్ళీ నేనే చెప్తా మిస్ అంది." సంతోషపడాలి. పడ్డాను కూడా. ఫోన్ పెట్టేశాక ఫ్రిజ్ మీద వేలాడుతున్న చార్టు చూసి ఒళ్ళు మండింది. నేను నెలల తరబడి తల బద్దలు కొట్టుకుంటే కానిది, ఆయన తాడు ముక్కతో చేసేశాడు. అంత తేలికైన పని నా విషయంలో ఎందుకు చేయలేదు? ఆ మంట ఆయన మీద ఉండాల్సింది. కానీ పిల్ల మీదికి మళ్ళింది.

నాకే తెలియకుండా దానికి వంకలు పెట్టడం మొదలుపెట్టాను. జడ ఊడిందేం, చేతిరాత ఇలా ఉందేం, తాత దగ్గర తప్ప ఇంట్లో ఒక్క పనీ రాదేం. తాత ఇట్ట అన్నాడు, తాత అట్ట అన్నాడు అని స్కూటీ మీద దారి పొడవునా అది చెప్తుంటే వినపడనట్టు హారన్ కొట్టేదాన్ని. ఒక ఆదివారం తలనొప్పని అబద్ధం చెప్పి వెళ్ళడమే మానేశాను. పిల్ల ఏడ్చి ఏడ్చి పడుకుంది. దాని పక్కన పడుకుని, ఏడవనీ, ఒక్క ఆదివారానికే ఇంత ఏడిస్తే నేనెంత ఏడవాలి అనుకున్నాను. ఒక తల్లి అనుకోవాల్సిన మాటేనా అది? కానీ అనుకున్నాను.

ఆ మరుసటి ఆదివారం వెళ్ళాం. నాన్న షెడ్డులో మేత బస్తాలు సర్దుకుంటున్నాడు. నా కూతురు నా చెయ్యి పట్టుకుని, ట్రేలు లాగడానికి గుంటలోకి వేసిన చెక్కల వంతెన మీదికి లాక్కెళ్ళింది. "అమ్మా, నువ్వెప్పుడూ దగ్గరగా చూళ్ళేదు. ఇయ్యాల చూడు" అంది. తాడు పట్టుకుంది. రెండు చేతులూ ఒకదాని తర్వాత ఒకటి, తొందర లేకుండా. నాలుక కొంచెం బయటపెట్టి, కళ్ళు నీళ్ళ మీదే పెట్టి లాగుతోంది. పళ్ళెం ఒరక్కుండా పైకి వస్తోంది. అంత బాగా లాగుతుందని నేననుకోలేదు. ఉన్నమాట చెప్పాలంటే ముచ్చటేసింది.

అప్పుడది తల తిప్పకుండానే, మామూలుగా అడిగింది. "చిన్నప్పుడు నీకు ఇది రాలేదంట గదా అమ్మా? గబగబా లాగి గుంటంతా చెడగొట్టినావంట. తాత చెప్పి ఒకటే నవ్వినాడు."

నవ్వాడట. నా బతుకంతా నా మెడ చుట్టూ వేసుకు తిరిగిన దాన్ని ఆయన మనవరాలికి నవ్వుతూ కథగా చెప్పాడట. చెయ్యి చాపి దాని చేతుల్లోంచి తాడు లాక్కున్నాను. "నీవల్ల కాదులే, ఇటియ్యి" అన్నాను. గుంజిన గుంజుడికి పళ్ళెం అడ్డంగా తిరిగి, మేతా రొయ్యలూ అన్నీ నీళ్ళలో పడిపోయాయి.

నా నోట్లోంచి వచ్చిన గొంతు నాది కాదు. అదే సాగదీత, అదే విసుగు లేని విసుగు. అచ్చం మా నాన్న గొంతు.

పిల్ల ఏడవలేదు. ఖాళీ పళ్ళెం వైపు చూసింది, నా వైపు చూసింది, రెండు అరచేతులూ గౌనుకి తుడుచుకుని షెడ్డులోకి వెళ్ళిపోయింది.

ఆ వారమంతా ఇంట్లో అది మామూలుగానే ఉంది. పిలిస్తే పలికింది, పెడితే తింది. గురువారం డైరీలో టీచర్ రాసి పంపింది, పాప మళ్ళీ సైలెంట్ అయిపోయింది, ఒంట్లో బాగుందా అని. ఒంట్లో బాగుంది, తల్లికే బాగాలేదు అని రాయాలి నేను. సంతకం పెట్టి పంపాను.

ఆదివారం గుంటల దగ్గర నాన్న ఎప్పటిలాగే కేకేశాడు. "అమ్మణ్ణీ, రా రా, టైమైంది. మన ట్రేలు చూడాల."

అది షెడ్డులో మేత బస్తా మీద కూర్చుని నోటుబుక్కులో ఏదో గీసుకుంటోంది. తలెత్తలేదు. "నువ్వు చూసుకో తాతా. నావల్ల కాదు."

నాన్న గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. "ఏందీ? ఎవరన్నారు నీకట్ట?"

అది గీసుకుంటూనే ఉంది. నా వైపు కూడా చూడలేదు. ఆ చూడకపోవడం నన్ను కాపాడటానికేనని తెలిసి, నిలువునా సిగ్గుతో చచ్చిపోయాను.

నాన్నకి కోపం వచ్చేసింది. "స్కూల్లో అన్నారా? ఏ టీచరమ్మ? బిడ్డనట్ట అంటారా ఎవరన్నా! రేపు నేనే వస్తా నెల్లూరికి. నా మనవరాలికి చాతగాదనేదానికి ఎంత ధైర్యం ఉండాల?" లుంగీ ఎగ్గట్టి, ఇప్పుడే బయల్దేరేట్టు ఊగిపోతున్నాడు.

అమ్మ క్యారియర్ విప్పుతూ, "ముందు అన్నం తినండి, తర్వాత యుద్ధానికి పోదురుగానీ" అంది.

"టీచర్ కాదు నాన్నా. నేనే అన్నా," అన్నాను.

ఆయన నా వైపు తిరిగాడు. "నువ్వా? కన్నబిడ్డని అట్టంటావా నువ్వు?"

అంతే, ఇన్నేళ్ళదీ ఒక్కసారిగా తన్నుకొచ్చింది. "నువ్వన్లేదా? ఇదే కట్ట మీద, ఇదే తాడు లాక్కోని నువ్వన్లేదా నన్ను? సైకిలుకన్నావు, చదువుకన్నావు, స్కూటీకన్నావు. ఇప్పుడు దానికి పదకొండు శభాష్‌లు. నాకు ఒక్కటి, ఒక్కటి అన్నావా నాన్నా?" ఏడుస్తూ అరిచేశాను. ముప్పై ఆరేళ్ళ మనిషిని, కూతురి ముందు, శభాష్ కోసం ఏడ్చాను. అమ్మ చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది.

నాన్న బయటికెళ్ళి కట్ట మీద నిలబడ్డాడు. కళ్ళు తుడుచుకుని నేనూ వెనకే వెళ్ళాను. వదిలే ప్రసక్తి లేదనుకున్నాను ఆ రోజు.

గుంట వైపే చూస్తూ చెప్పాడు. "ఆ ఏడు మా నాయన వద్దంటా ఉంటే పొలం తవ్విచ్చినా. ఊరంతా వీడివల్ల కాదన్నారు. పొద్దన లేస్తే నాకూ అదే మాట లోపల తిరగతా ఉండేది. నావల్ల కాదు, నావల్ల కాదు అని. ఆ పొద్దు నీ చేతిలో ట్రే ఒరిగినప్పుడు, ఆ మాట నీమీద పడింది. పడినాక అలవాటైపోయింది." షెడ్డు వైపు తల తిప్పాడు. "దీనికి చెప్పేటప్పుడు నాకు భయం లేదమ్మా. ఇది చెడగొడితే ఒక పూట మేత పోద్ది, అంతేగా. అప్పుడు అట్ట గాదు. నా మీదే నాకు నమ్మకం లేదు, నీకేం చెప్పేది?"

నేను ఎదురుచూశాను. ఇప్పుడన్నా అంటాడని, ఆస్పత్రి ఉద్యోగం బాగా చేస్తున్నావనో, బండి బాగా నడుపుతున్నావనో, ఏదో ఒకటి అంటాడని. ఆయన నోరు కదిలింది. "ఎండగా ఉండాది, లోపలికి పోమ్మా" అన్నాడు. ట్రేల వైపు నడిచి వెళ్ళిపోయాడు.

అదే ఆయన ప్రేమ అని రాసుకుని సర్దుకుపోవచ్చు. నేను సర్దుకోను. నాకు కావలసిన మాట అది కాదు. కానీ ఆ మాట ఆయన దగ్గర నాకోసం లేదని, ఇక రాదని ఆ ఎండలో తేలిపోయింది. మిగిలింది షెడ్డులో బస్తా మీద కూర్చున్న పిల్ల.

వెళ్ళి దాని ముందు కింద కూర్చున్నాను. "ఆ పొద్దు నీవల్ల కాదన్నాను గదా. అది అబద్ధం."

"మరెందుకన్నావు?"

"తాత నిన్ను మెచ్చుకుంటా ఉంటే నాకు కుళ్ళొచ్చింది. నన్నెప్పుడూ అట్ట మెచ్చుకోలేదు."

"కుళ్ళా? నా మీదా?"

"ఊఁ. నీ మీదే."

పెన్సిల్ పక్కన పెట్టి నన్ను పరీక్షగా చూసింది. నా మెడ చుట్టూ చేతులేస్తుందనుకున్నాను. పోనీలే అమ్మా అంటుందనుకున్నాను. నా బాధ ఏదీ దానికి పట్టలేదు. వారం రోజులుగా దాన్ని తొలుస్తున్నది వేరే ఉంది.

"అయితే నేను బాగానే లాగినానా?"

"బాగా లాగినావు. ట్రే రవ్వంత కూడా ఒరగలేదు. నేను గుంజబట్టే పడిపోయింది."

"తాత నేనే పడేసినాననుకుంటా ఉంటాడు. తాతకి ఇనపడేట్టు చెప్పు."

లేచి షెడ్డు బయటికొచ్చాను. నాన్న అవతలి కట్ట దాకా వెళ్ళిపోయాడు. గుంటలో గాలి కలిపే ఏరేటర్లు నీళ్ళు చిమ్ముతూ మోత పెడుతున్నాయి. పిల్ల నా పక్కన నిలబడి, చెప్తానా లేదా అని నా మొహంలోకి చూస్తోంది. నా గురించి ఎవరైనా ఈ కట్ట మీద నిలబడి అరవాలని కోరుకున్న మాటని, ఇంకొకరి గురించి నేను అరవాలి.

"నాన్నా! పోయిన వారం పాప ట్రే బాగా లాగింది! నేను చూసినా! చెడగొట్టింది నేను!"

ఆయనకి వినపడలేదు. చెవి దగ్గర చెయ్యి పెట్టి ఏందీ అన్నట్టు తలెగరేశాడు. పిల్ల నా చీర కొంగు పట్టుకు లాగి, "ఇంకా గట్టిగా" అంది. కుళ్ళు ఎక్కడికీ పోలేదు, లోపల అలాగే ఉంది. దాన్ని అక్కడే ఉండనిచ్చి, ఇంకా గట్టిగా అరిచాను.